టీ20 అంటే క్రికెట్ కాదు

పైన టీ20 అని చూసి ఇది క్రికెట్ గురించి అనుకుని ఆగినవాళ్ళు ఎలాగూ ఆగారు కాబట్టి మిగతాది కూడా చదవండి. ఇది పరుగు పందెం పాఠం. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అనే ఊళ్ళో పుట్టిన జీవాంజి దీప్తి అనే అమ్మాయి గురించి. ఈమె 400 మీటర్ల పరుగులో ప్రపంచ రికార్డు పెట్టింది. పారాలింపిక్స్‌లో పతకం తెచ్చింది. ఆమె పరిగెత్తే తరగతి పేరు టీ20.

ఈ తరగతి అంటే ఏటో ముందు చెప్పాలి. అది తెలీకపోతే దీప్తి గొప్ప అర్థం కాదు. పారాలింపిక్స్ అంటే వికలాంగులకు ఒలింపిక్స్ తర్వాత అదే ఊళ్ళో జరిపే పోటీలు. అందులో అందరినీ కలిపేసి పరిగెత్తిస్తే న్యాయం కాదు కదా. చూపు లేనివాళ్ళని, చెయ్యి లేనివాళ్ళని, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళని ఒకే గీత మీద నిలబెడితే అది పోటీ ఎలగవుతుంది? అందుకని ఒక్కో రకానికి ఒక్కో నంబరు ఇచ్చారు. టీ అనగా ట్రాక్. టీ11, 12, 13 చూపు లోపం ఉన్నవాళ్ళకి. వీళ్ళలో బొత్తిగా కనిపించనివాళ్ళు తోడు మనిషితో చేతికి తాడు కట్టుకుని పరిగెడతారు. టీ35 నుంచి 38 వరకు మెదడు దెబ్బతిని కాళ్ళు చేతులు బిగుసుకుపోయేవాళ్ళకి. 51 నుంచి 54 వరకు చక్రాల కుర్చీ పందేలు. మధ్యలో ఒంటరిగా టీ20 ఉంది. అది బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్నవాళ్ళది.

మిగతావాళ్ళ లోపం చూడగానే తెలుస్తుంది. టీ20 వాళ్ళది తెలీదు. చేతులు ఉంటాయి, కాళ్ళు ఉంటాయి, చూపు ఉంటుంది. మనలాగే గీత మీద వంగి, తుపాకీ మోగగానే పరిగెడతారు. అందుకే చాలామంది వీళ్ళని చూసి, ఈ గుంటకి ఏమైంది, బాగానే ఉంది కదా అంటారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం వేరే పేర్లు పెడతారు. దీప్తికి కూడా పెట్టారు. పిచ్చిది అన్నారు, కోతి అన్నారు. అనాథాశ్రమానికి పంపించెయ్యమని వాళ్ళ అమ్మా నాన్నకి సలహా ఇచ్చినవాళ్ళు కూడా ఉన్నారట. పిల్లలు ఏడిపిస్తే ఇంటికొచ్చి ఏడ్చేదట. అప్పుడు వాళ్ళమ్మ తియ్యన్నం వండి పెట్టేది, ఒక్కోసారి కోడికూర. ఈ సంగతి వాళ్ళమ్మే తర్వాత పత్రికలవాళ్ళకి చెప్పింది. ప్రపంచ రికార్డు కన్నా నాకు ఇదే ఎక్కువ గుర్తుండిపోయింది.

అమ్మా నాన్నా కూలిపని చేసేవాళ్ళు. తాత చనిపోయాక ఉన్న కొద్ది భూమి కూడా అమ్ముకున్నారు.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. పిచ్చి వేరు, బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉండడం వేరు. మనం రెండింటికీ ఒకటే మాట వాడేస్తాం. మానసిక జబ్బు ఏ వయసులోనైనా వస్తుంది, మందులు ఉన్నాయి, తగ్గుతుంది కూడా. బుద్ధి లోపం జబ్బు కాదు. అది చిన్నతనం నుంచే ఉంటుంది. అలాంటి పిల్లలు నేర్చుకుంటారు గాని నెమ్మదిగా నేర్చుకుంటారు. చిల్లర లెక్కపెట్టడం, బస్సు మారడం, నాలుగు పనులు వరసగా గుర్తు పెట్టుకోవడం వీళ్ళకి కష్టం. టీ20 లో చేరాలంటే మూడు ఉండాలి. ఐక్యూ 75 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. దీన్ని తెలుగులో ప్రజ్ఞాలబ్ధి అంటారు, మామూలుగా 100 దగ్గర ఉంటుంది. రోజువారీ పనుల్లో ఇబ్బంది ఉండాలి. ఈ రెండూ పెద్దవాళ్ళు కాకముందే మొదలై ఉండాలి. ఒక్క పరీక్షలో మార్కులు తక్కువ వస్తే చాలదన్న మాట.

ఇది రాస్తున్నప్పుడు నా సంగతి రాయక తప్పడం లేదు. మా ఇంట్లో సవర మాట్లాడతాం. నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు నాకు తెలుగు రాదు. పలక తియ్యి అంటే ఏం తియ్యాలో తెలీక కూర్చునేదాన్ని. అప్పుడు నన్ను మొద్దు అన్నారు. రెండేళ్ళు అదే నా పేరు. అది ఈ బడి కాదు. మా తరగతిలోనే ఇంకొకమ్మాయికి బోర్డు మీద అక్షరాలు కనిపించేవి కాదు, ఆమెని కూడా మొద్దు అన్నారు. కళ్ళజోడు పెట్టాక తరగతిలో రెండో మార్కు తెచ్చుకుంది. అంటే మొద్దు అన్న ఒక్క మాట కింద భాష రాని పిల్ల, చూపు ఆనని పిల్ల, నిజంగా బుద్ధి నెమ్మదిగా ఉన్న పిల్ల ముగ్గురూ పడిపోయారు. మొదటి పిల్లకి సవర తెలిసిన టీచరు కావాలి. రెండో పిల్లకి కళ్ళజోడు కావాలి. మూడో పిల్లకి వేరేగా నెమ్మదిగా చెప్పేవాళ్ళు కావాలి. పేరు ఒకటే పెడితే ఎవరికి ఏం కావాలో ఎవరికీ తెలీదు. పరీక్ష చెయ్యాలి. అది కూడా పిల్ల ఇంటి భాషలోనే చెయ్యాలి, లేకపోతే మా ఊరి పిల్లలందరికీ ఐక్యూ తక్కువే వస్తుంది. మాటలు అక్కర్లేని పరీక్షలు కూడా ఉన్నాయి. చెక్కబిళ్ళలు ఇచ్చి ఏ ఆకారం ఏ గుంటలో పడుతుందో పెట్టిస్తారు.

దీప్తికి ఆ పరీక్ష ఎలగ జరిగిందో చెప్తాను. కల్లెడ బడిలో వ్యాయామం సారు ముందు ఆమె పరుగు చూశారు. తర్వాత నాగపురి రమేశ్ అనే అథ్లెటిక్స్ కోచ్ చూశారు. ఈయన 2016లో ద్రోణాచార్య అవార్డు వచ్చిన కోచ్. హైదరాబాద్ పంపించండి, నేను నేర్పుతాను అన్నారు. పంపడానికి ఇంట్లో బస్సు చార్జీ డబ్బులు కూడా లేవు. ఎలాగో వెళ్ళింది. అప్పట్లో ఆమె మామూలు పిల్లలతోనే పోటీల్లో పరిగెత్తేది, అలాగే గెలిచేది కూడా. అయితే చెప్పింది అందుకోవడం మిగతావాళ్ళకన్నా నెమ్మదిగా ఉందని కోచ్ గమనించారు. బ్యాడ్మింటన్ గోపీచంద్ గారు సికింద్రాబాద్‌లో ఉన్న జాతీయ సంస్థలో పరీక్ష చేయించమని సలహా ఇచ్చారు. బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్నవాళ్ళ కోసమే కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ అది. అక్కడ చూసి సర్టిఫికెట్ ఇచ్చారు. దాంతో టీ20 తలుపు తెరుచుకుంది.

ఊళ్ళోవాళ్ళు పెట్టింది ఒక పేరు, ఈ సర్టిఫికెట్ పెట్టింది ఇంకో పేరు. రెండూ ఒకే లోపం గురించే. మొదటి పేరు విన్నాక ఆమె ఇంటికెళ్ళి ఏడ్చింది. రెండో పేరుతో విమానం ఎక్కింది.

ఇంత గట్టిగా ఎందుకు పరీక్షిస్తారు అని అడగొచ్చు. దానికి ఒక కథ ఉంది, మన శ్రీకాకుళానికి కూడా కొద్దిగా సంబంధం ఉంది. మన ఆమదాలవలస పక్క ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో బరువులెత్తి కాంస్యం గెలిచింది కదా. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారత మహిళ ఆమే. ఆ ఒలింపిక్స్ అయ్యాక అక్టోబరులో అదే సిడ్నీలో పారాలింపిక్స్ జరిగాయి. బుద్ధి లోపం ఉన్నవాళ్ళ బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ జట్టు బంగారు పతకం గెలిచింది. తర్వాత ఆ జట్టులో ఆడిన ఒక విలేకరే నిజం బయటపెట్టాడు. 12 మందిలో 10 మందికి ఏ లోపమూ లేదు! పతకం వెనక్కి ఇచ్చేశారు. కాని శిక్ష ఎవరికి పడింది? ప్రపంచంలో నిజంగా బుద్ధి లోపం ఉన్న క్రీడాకారులందరికీ పడింది. 2004 ఏథెన్స్, 2008 బీజింగ్ పారాలింపిక్స్‌లో వాళ్ళకి పోటీలే పెట్టలేదు. పరీక్షలు గట్టిగా చేశాక 2012 లండన్‌లో మళ్ళీ రానిచ్చారు. దొంగతనం చేసింది ఒకరు, గేటు మూసింది ఇంకొకరికి. నాకైతే చాలా కోపం వచ్చింది. దీప్తి 2003 సెప్టెంబరు 27న పుట్టింది. ఆమె పుట్టేనాటికి ఆ గేటు మూసే ఉంది.

ఇక 400 మీటర్ల సంగతి. పారాలింపిక్స్‌లో టీ20 ఆడపిల్లలకి 100, 200 మీటర్ల పందేలు లేవు. బేగి పరిగెత్తేవాళ్ళకి ఉన్నది 400 ఒక్కటే. మన పీఈటీ మేడమ్ ఎప్పుడూ అంటారు, 400 కాళ్ళతో కాదు తలతో పరిగెత్తాలి అని. ఎందుకంటే 400 మొత్తం ఒకే వేగంతో ఎవరూ పరిగెత్తలేరు. కండరాల్లో నిలవ ఉన్న శక్తి మొదటి కొన్ని సెకన్లలోనే అయిపోతుంది. తర్వాత ఊపిరి చాలదు, కండరాల్లో ఆమ్లం చేరుతుంది, చివరి 100 మీటర్లలో కాళ్ళు రాళ్ళు కట్టినట్టు బరువెక్కుతాయి. మొదటి 200 మరీ గట్టిగా కొడితే చివర్లో చచ్చిపోతాం, మరీ మెల్లగా వెళితే అందుకోలేం. ఉదాహరణకి 55 సెకన్లలో ముగించాలంటే మొదటి సగం 26లో, రెండో సగం 29లో వచ్చేలా చూసుకోవాలి. ఇప్పుడు ఎంత వేగంలో ఉన్నాను, ఎంత దాచుకోవాలి అని పరిగెడుతూనే లెక్క వేసుకోవాలి. బుద్ధి లోపం ఉన్నవాళ్ళకి సరిగ్గా ఈ లెక్కే కష్టం. అందుకే కాళ్ళు మనలాగే ఉన్నా వాళ్ళకి వేరే తరగతి పెట్టారు. ఆ లెక్క దీప్తి ఒంటికి అలవాటయ్యేదాకా, ఆలోచించకుండానే వచ్చేదాకా రోజూ పరిగెత్తించి నేర్పారంటే కోచ్‌కి ఎంత ఓపిక ఉండాలో చూడండి.

ఆమె గెలిచినవి చెప్తాను. 2023 అక్టోబరు 24న చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా పారా క్రీడల్లో 56.69 సెకన్లలో బంగారు పతకం. ఆ బహుమతి డబ్బుతో అమ్ముకున్న భూమిని ఇంటివాళ్ళు మళ్ళీ కొనుక్కున్నారు. మన ఊళ్ళలో భూమి తాకట్టు అంటే ఏటో మీకు చెప్పక్కర్లేదు. 2024 మే 20న జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 55.07 సెకన్లు. బంగారం, దాంతోపాటు ప్రపంచ రికార్డు. అంతకుముందు రికార్డు అమెరికాకి చెందిన బ్రియానా క్లార్క్ పేరు మీద 55.12 ఉండేది.

ఈ అంకెలు కొంచెం లెక్క చేద్దాం. 400 ని 55.07 తో భాగిస్తే సెకనుకి 7.26 మీటర్లు. గంటకి 26 కిలోమీటర్లు దాటుతుంది. మన వంటమనిషి మావయ్య సైకిలు కూడా అంత బేగి వెళ్ళదు. పాత రికార్డుకీ కొత్త రికార్డుకీ తేడా 0.05 సెకను. ఆ సమయంలో ఆమె వెళ్ళే దూరం 36 సెంటీమీటర్లు, మన స్కేలు కన్నా కాస్త ఎక్కువ. ఆ పందెంలో రెండో స్థానం టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్, 55.19 సెకన్లు. తేడా 0.12 సెకను అంటే 87 సెంటీమీటర్లు, ఒక పెద్ద అడుగు. ఈ ఐసెల్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

2024 సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్. 2వ తేదీన తొలి రౌండ్లు జరిగాయి. దీప్తి తన గుంపులో 55.45తో మొదటి స్థానంలో వచ్చింది. ఇంకో గుంపులో ఐసెల్ 54.96 పరిగెత్తి దీప్తి ప్రపంచ రికార్డు తీసేసింది. ఆ రికార్డు దీప్తి దగ్గర మూడున్నర నెలలు ఉంది. మర్నాడు ఫైనల్. ఉక్రెయిన్ అమ్మాయి యులియా షూలియార్ 55.16 బంగారం, ఐసెల్ 55.23 వెండి, దీప్తి 55.82 కాంస్యం. ముందు రోజు 54.96 పరిగెత్తిన ఐసెల్‌కే బంగారం రాలేదు, చూశారా. దీప్తి కోబెలో పరిగెత్తినట్టు 55.07 పరిగెత్తి ఉంటే బంగారం ఆమెదే. బంగారానికీ కాంస్యానికీ తేడా 0.66 సెకను, మన తరగతి గది గోడ నుంచి గోడకి సరిపోయే దూరం. ప్రపంచ విజేత మూడో స్థానానికి పడిపోయింది అన్నవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. బుద్ధి లోపం ఉన్నవాళ్ళలో మన దేశం నుంచి పారాలింపిక్స్ పతకం తెచ్చిన మొదటి మనిషి ఆమె. అప్పటికి ఆమెకి 21 ఏళ్ళు కూడా నిండలేదు. అవే పోటీల్లో ఉత్తరప్రదేశ్ అమ్మాయి ప్రీతి పాల్ టీ35లో 100, 200 మీటర్లకి రెండు కాంస్యాలు తెచ్చింది. సిమ్రన్ శర్మ టీ12లో తోడు మనిషితో పరిగెత్తి 200లో కాంస్యం తెచ్చింది. పారిస్‌లో మన దేశానికి మొత్తం 29 పతకాలు వచ్చాయి. పరుగుల్లో వచ్చినవన్నీ ఈ ముగ్గురు ఆడపిల్లలవే.

పతకం వచ్చాక తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. కోచ్‌కి 10 లక్షలు. మంచిదే. కాని బస్సు చార్జీ లేని రోజున అందులో వెయ్యి రూపాయలు ముందే ఎవరైనా ఇచ్చి ఉంటే బాగుండేది అని నాకు అనిపించింది. 2025 జనవరి 17న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము గారు ఆమెకి అర్జున అవార్డు ఇచ్చారు. ముర్ము గారు సంతాలు, మనలాగే ఆదివాసీ. ఆ జాబితాలోనే మన విశాఖపట్నం హర్డిల్స్ అమ్మాయి జ్యోతి యర్రాజి పేరు కూడా ఉంది.

2025లో ప్రపంచ పోటీలు మొదటిసారి మన దేశంలో, ఢిల్లీలో జరిగాయి. 400 ఫైనల్ సెప్టెంబరు 27న, అంటే సరిగ్గా దీప్తి పుట్టినరోజున పడింది. ఐసెల్ 54.51 పరిగెత్తి బంగారం తీసుకుంది. దీప్తికి వెండి. ఆమె టైము 55.16. ఇప్పుడు పైన పారిస్ ఫైనల్ మళ్ళీ చూడండి. బంగారం గెలిచిన టైము ఎంత? అదే 55.16! ఒక చోట బంగారం, ఇంకో చోట వెండి. టైము మారలేదు, పక్కన పరిగెత్తినవాళ్ళు మారారు.

ఇంకొక సంగతి. మా ఊళ్ళో నా ఈడు పిల్ల ఒకర్తి ఉంది. పేరు రాయను. బుద్ధి రాలేదని ఆమెని బడి మాన్పించి మేకల వెనకాల పంపుతున్నారు. కొండ మీదకి ఆమె ఎక్కినంత బేగి నేను ఎక్కలేను, మగపిల్లలు కూడా ఎక్కలేరు. ఆమె దీప్తి అవుతుందని నేను అనడం లేదు. మేకల్ని ఎక్కించడం వేరు, 400 వేరు. కాని ఆమెకి ఉన్నది ఏటి? బుద్ధి లోపమా, చెవి వినపడదా, తెలుగు రాకపోవడమా? ఇంతవరకు ఎవరూ చూడలేదు. చూడకుండానే పేరు పెట్టేశారు. పీఈటీ మేడమ్‌ని అడిగాను. సదరం శిబిరానికి తీసుకెళితే డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇస్తారు, దానికి సచివాలయంలో గాని మీసేవలో గాని ముందు పేరు రాయించుకోవాలి అన్నారు. ఇలాంటి పిల్లలకి నేర్పడానికి మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయట. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం లోపం 40 శాతం గాని అంతకంటే ఎక్కువ గాని ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచితంగా చదువు చెప్పాలి. మా ఇద్దరికీ ఇంకా నాలుగేళ్ళు ఉంది.

ఈ పాఠం ఇంకో కాపీ రాసి పెట్టుకున్నాను. సంక్రాంతి సెలవులకి పట్టుకెళ్తాను. వాళ్ళమ్మకి చదవడం రాదు కాబట్టి సవరలో చెప్తాను. టీ20 కి సవరలో ఏ మాట పెట్టాలో ఇంకా ఆలోచిస్తున్నాను. సవర వచ్చినవాళ్ళు ఎవరికైనా మంచి మాట తోస్తే నాకు చెప్పండి.

ఆఖరుగా అందరికీ ఒక లెక్క. 400 మీటర్ల పందెంలో ఎవరి లేనులో వాళ్ళే చివరిదాకా పరిగెత్తాలి. బయటి లేను చుట్టు పెద్దది కాబట్టి బయటివాళ్ళని ముందు నిలబెడతారు. అసలైన ట్రాక్‌లో లేను వెడల్పు 1.22 మీటర్లు. రెండు మలుపులు కలిపితే ఒక పూర్తి వృత్తం, అందుకని ఒక్కో లేనుకి 2 × 22/7 × 1.22, అంటే 7.67 మీటర్లు పెరుగుతుంది. రెండో లేనుకి మాత్రం 7.04 వేస్తారు. మొదటి లేనుని లోపలి అంచు నుంచి 30 సెంటీమీటర్లు వదిలి కొలుస్తారు, మిగతావాటిని గీత నుంచి 20 వదిలి కొలుస్తారు, ఆ తేడా అది. అలా ఎనిమిదో లేను పిల్ల మొదటి లేను పిల్ల కన్నా 53 మీటర్లు ముందు నిలబడుతుంది. చూసినవాళ్ళు అన్యాయం అనుకుంటారు, కాని ఇద్దరూ పరిగెత్తేది 400 మీటర్లే.

మన మైదానంలో సున్నంతో గీసిన చుట్టు 200 మీటర్లే. 400 కి రెండు చుట్లు తిరగాలి. లేను వెడల్పు 1 మీటరు పెడితే, ఒక్కో లేనుకి పిల్లని ఎన్ని మీటర్లు ముందు నిలబెట్టాలి? అన్ని లేన్లనీ లోపలి గీత దగ్గరే కొలవండి. జవాబు కాగితం మీద రాసి తొమ్మిదో తరగతి కిటికీ దగ్గర ఉన్న అట్టపెట్టెలో వెయ్యండి. సరైన జవాబు ఇచ్చినవాళ్ళు ఆదివారం సాయంత్రం తాడు, సున్నం డబ్బా పట్టుకుని మైదానానికి రండి, గీద్దాం.

– 9వ తరగతి విద్యార్థిని, అరసవల్లి